గుడ్డపీలిక కట్టిన బీరకాయ

మే నెల వచ్చేసరికి మా దొడ్లో ఒక బీరకాయ మెడలో ఎర్ర గుడ్డపీలిక వేలాడుతుండేది. నాయనమ్మ తన పాత చీర అంచు చింపి కట్టేది. పీలిక పడిందంటే ఆ కాయ ఇక కూరకాయ కాదు. ఇంట్లో వండటానికి ఏమీ లేకపోయినా సరే, చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగినా సరే, దాని మీద చెయ్యి వెయ్యకూడదు. అది విత్తనానికి వదిలిన కాయ. మొదటి కాతలోది కాదు, చివరి కాతలోదీ కాదు. నడిమి కాతలో నిటారుగా, పొడుగ్గా దిగినదాన్ని ఏరి మరీ కట్టేది. జూన్ నాటికి అది పాదు మీదే ఎండి, మట్టిరంగుకి తిరిగి, గాలికి ఊగినప్పుడల్లా లోపల గలగలమనేది.

"మోగుతోందే" అనేది నాయనమ్మ, వంటింట్లో కూర్చునే.

మాది గుంటూరు బ్రాడీపేట. అక్కడ అడ్రసులు లెక్కల పుస్తకంలో భిన్నాల్లా ఉంటాయి. నాలుగు బై పద్నాలుగు అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మేం అద్దెకుండే ఇంటికి ముందు రెండు గదులు, వెనక వంటిల్లు, దాని వెనక రెండు సెంట్లు కూడా లేని దొడ్డి. ఇంటివాళ్ళు హైదరాబాదులో ఉండబట్టి ఆ దొడ్డి మీద పెత్తనమంతా నాయనమ్మదే. పొన్నూరు దగ్గర పల్లెలో పొలం చూసుకున్న మనిషి, నాన్నకి టౌన్లో ఉద్యోగం వచ్చాక మాతో వచ్చేసింది. "మా అమ్మ రెండు సెంట్లలో ఆరెకరాల సేద్యం చేస్తుంది" అని నాన్న అందరికీ చెప్పి నవ్వేవాడు.

నేల నల్లరేగడి. వానాకాలం చెప్పులు పట్టుకుని వదలదు. ఎండాకాలం నెర్రెలిచ్చి, అందులో నా చెయ్యి మణికట్టు దాకా దూరేది. ఒక వేసవిలో అమ్మ చెవిదుద్దు శీల అలాంటి నెర్రెలో పడిపోయింది. నాన్న గునపం తెస్తానన్నాడు గాని, బీర వేర్లు తెగుతాయని నాయనమ్మ ఒప్పుకోలేదు. తొలకరికి నెర్రె మూసుకుపోయింది. ఆ శీల ఇప్పటికీ అక్కడే ఉండాలి, దాని మీద ఇప్పుడో అపార్ట్‌మెంటు సెల్లారు ఉంది.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ కథలో ఏదీ అర్థం కాదు. సంగం జాగర్లమూడి నుంచి వచ్చే మునిసిపాలిటీ నీళ్ళు ఎండాకాలం మా సందులోకి రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున గంటసేపు వచ్చేవి. సందు మొత్తానికి ఒకటే పంపు. దొడ్లో బావి ఉండేది గాని అవి ఉప్పునీళ్ళు. గుంటూర్లో చాలా దొడ్లలో బావుల తీరు అంతే, బట్టలకీ అంట్లకీ పనికొస్తాయి, నోట్లో పోసుకోలేం. మే నెలకి ఆ బావి కూడా అడుగంటేది. బొక్కెన వేస్తే ముందు చప్పుడొచ్చేది, తర్వాత బురదొచ్చేది.

అందుకని నాయనమ్మ దగ్గర ప్రతి మొక్కకీ ఒక నీళ్ళ ఖాతా ఉండేది. కాగితం మీద కాదు, బుర్రలో. ఉప్పునీళ్ళు పోసినచోట నేల తెల్లగా పొరకట్టేది. పాలకూర, బచ్చలి దానికి కిమ్మనేవి కావు, కాబట్టి బావి నీళ్ళు వాటికి. స్నానాల నీళ్ళు సన్నకాలువలో పారి అరటికీ చేమకీ పోయేవి. బియ్యం కడిగిన కడుగు వంగమొక్కలకి. పప్పు కడిగిన నీళ్ళు కరివేపాకుకి. మంచినీళ్ళు తాగే యోగం ఒక్క బీరకే, అదీ పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు చెంబులు. చెంబు నిండా కాదు, మెడ కిందకి. పాదు పక్కనే ఒక చిల్లికుండని మెడ దాకా పూడ్చిపెట్టి, చిల్లులో గుడ్డ వత్తి దోపి, నీళ్ళు అందులో పోసేది. పైన పోస్తే ఎండే తాగేస్తుందట. కుండలో పోస్తే రాత్రంతా వత్తి చెమ్మ వదులుతుంది. చుట్టూ ఊక, ఎండుటాకులు మందంగా పరిచేది. ఇప్పుడు దీనికి మల్చింగు అని పేరు పెట్టి క్లాసులు చెబుతున్నారు, చెప్పనీండి, మంచిదే.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోళ్ళు పగిలే ఎండ అంటారు. మా ఇంట్లో రోలు ఎప్పుడూ పగల్లేదు గాని, ఆ రోజు నాయనమ్మ మనసు మాత్రం రాయి అయ్యేది. పొద్దున్నే వేపపుల్ల నములుతూ దొడ్లోకి వెళ్ళేది. వెనక చెంబు పట్టుకుని నేను. ఒక్కో మొక్క దగ్గర ఆగి, ఆకు తిరగేసి చూసి తీర్పు చెప్పేది.

"బెండకి ఇంక నీళ్ళు చాలు."

"ఇంకా పువ్వుంది నాయనమ్మా."

"పువ్వు కాదే, ఆకు చూడు."

ఆకు ఈనెలన్నీ పచ్చదనం పోయి, పసుపు దారాలతో అల్లిన వలలా ఉండేవి. పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, ఎండ ముదిరేకొద్దీ దోమ ముదురుతుంది. మేం వేసింది పూసా సావని రకం. వచ్చిన కొత్తలో ఆ రకానికి ఈ తెగుల్ని తట్టుకుంటుందనే పేరు. మా రోజులు వచ్చేసరికి ఆ తట్టుకోవడం కాస్తా పోయింది. తర్వాత పర్భని క్రాంతి, అర్కా అనామికా అని వేరే రకాలు వచ్చాయనుకోండి. అప్పటికి మా దొడ్లో ఆఖరి బెండమొక్క పీకేసి చాలాకాలమైంది.

"టమాటాకీ వద్దు" అనేది తర్వాత. టమాటా నిండా పూతే, ఒక్కటీ పిందె కట్టదు. పట్టుకుంటే చాలు, పువ్వు చేతికొచ్చేస్తుంది. "రాత్రి కూడా సెగలే కదే, ఎలా కడుతుంది" అనేది. రాత్రిళ్ళు చల్లబడకపోతే టమాటా పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదని నేను ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను. ఆవిడ ఆ పుస్తకం చదవలేదు, రాత్రిళ్ళు దొడ్లో నులకమంచం మీద పడుకుని విసనకర్ర విసురుకునేది, అంతే.

గోరుచిక్కుడుని ఉండనిచ్చేది, "దానికి ఎండంటే లెక్కలేదు" అని. వంగని మోకాలెత్తున నరికేసేది. మొదటిసారి చూసి ఏడ్చాను. నాలుగు వానలు పడగానే ఆ మోళ్ళ నుంచే చిగుళ్ళు తన్నుకొచ్చి, వినాయకచవితి నాటికి మళ్ళీ కాయలు. దొండ దగ్గర అసలు ఆగేదే కాదు. "అది చచ్చినట్టు నటిస్తుంది. కింద దుంపుంది, చావదు."

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఎవరినీ వదలకుండా, అందరికీ తలా గుక్కెడు పోస్తే పోలా?"

"పోలా. అందరూ కలిసి చస్తారు."

నాకా మాట నచ్చలేదు. ఆ ఏడు, అంటే నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవి, గోడ వారనున్న ఒక టమాటా మొక్కని దొంగతనంగా పెంచాను. నా స్నానంలో ఆఖరి చెంబు ఒంటి మీద పోసుకోకుండా దాచి, తడి జుట్టుతో దొడ్లోకి పరిగెత్తి దానికి పోసేదాన్ని. సబ్బు లేని చెంబే. మొక్క బతికింది. పచ్చగా, నిగనిగలాడుతూ, ఒక్క కాయ కూడా కాయకుండా బతికింది. నాయనమ్మకి తెలియదనుకున్నాను. పది రోజుల తర్వాత అరటి పాదు దగ్గర నిలబడి, తనలో తను అన్నట్టు, "ఈ చెట్టుకి రోజూ ఒక చెంబు తక్కువ పడుతోందేంటో" అంది. అని, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు నేను పొయ్యలేదు. ఆ మర్నాడు పోశాను.

సాయంత్రాలు మాత్రం బాగుండేవి. పడమటి గాడ్పు తగ్గి, సముద్రం వైపు నుంచి గాలి తిరిగేది. గుంటూరు గాలిలో ఎప్పుడూ ఉండే మిరపఘాటు మేలో కాస్త పల్చబడేది, మిర్చి యార్డుకీ మాలాగే వేసవి సెలవులు. అయిదున్నర, ఆరుకి బీరపూలు విచ్చుకునేవి. గుమ్మడి, దోస పొద్దున్నే పూస్తాయి, బీర మాత్రం సాయంత్రం మనిషి. పందిరి నిండా పసుపు. నేను మురిసిపోతుంటే నాయనమ్మ పెదవి విరిచేది. "అన్నీ మగపూలే. పెళ్ళివారు ఊరంతా దిగారు, పెళ్ళికూతురేదీ?" మండుటెండల్లో తీగజాతికి మగపూలే ఎక్కువ పూస్తాయి. గుత్తులు గుత్తులుగా వచ్చేవి మగవి. ఆడపువ్వు ఒంటరిగా, కాడకి వేలెడు పిందె పెట్టుకుని వస్తుంది. రోహిణి కార్తెలో అలాంటి పువ్వు ఒక్కటి కనిపిస్తే నాయనమ్మ మగపువ్వు తుంపి, రేకులు ఒలిచి, దాని పుప్పొడి ఆడపువ్వుకి అద్దేది. మునివేళ్ళతో, బొట్టు పెట్టినంత తేలిగ్గా. ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు.

ఆ రోజుల్లో కూరకి నిజంగా కటకటగా ఉండేది. ఆవకాయ జాడీ ఉండబట్టి గడిచింది గాని, మధ్యాహ్నాలు అమ్మ దొడ్డంతా ఒక చుట్టు తిరిగి గుప్పెడు బచ్చలాకుతో వెనక్కి వచ్చేది. ఒకసారి చీరాల నుంచి నాన్న మేనత్త కుటుంబం ఐదుగురు దిగారు, పదకొండింటికి, ఎండలో. నాయనమ్మ గుళ్ళో పురాణానికి వెళ్ళింది. అమ్మ చాకు పట్టుకుని బీరపందిరి కిందకి వెళ్ళడం, పీలిక కట్టిన కాయ ముందు నిలబడటం నేను కిటికీలోంచి చూశాను. అప్పటికి కాయ ఇంకా ముదరలేదు, కోస్తే ఐదుగురికీ పచ్చడైనా అయ్యేది. కాసేపు నిలబడి, చాకు కొంగులో చుట్టుకుని వచ్చేసి, పెసరపప్పులో బచ్చలి వేసింది. తర్వాతెప్పుడో అడిగితే, "మీ నాయనమ్మకి భయపడి కాదే. ఆ పీలికని చూస్తే భయమేసింది" అంది.

ఆ కాయే పాదు మీద ఎండాక, కింది కొసన మూతలాంటిది ఊడి నల్లటి గింజలు జారేవి. నాయనమ్మ వాటిని బూడిదలో పొర్లించి హార్లిక్స్ సీసాలో పోసి, అటక మీద పెట్టేది. పీచు మా వీపుల మీదకి వచ్చేది.

నాకిప్పుడు మేడ మీద తోట ఉంది. గుంటూర్లోనే, కానీ బ్రాడీపేటలో కాదు. గ్రీన్ నెట్ కట్టించాను, సంచుల్లో కొబ్బరిపొట్టు కలిపిన మట్టి, సన్నటి డ్రిప్పు గొట్టాలు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా నాయనమ్మ గుండె. ముప్ఫై ఎనిమిది సంచులుంటే మే నెలాఖర్లో ముప్ఫై ఎనిమిదింటికీ నీళ్ళు పోస్తాను. ఎర్రనల్లి పట్టి ఆకు తుప్పురంగుకి తిరిగిన వంగకి వేపకషాయం కొట్టి, బతిమాలి, మళ్ళీ కొడతాను. 2015 మేలో ఎండలకి మన రాష్ట్రంలోనే చనిపోయినవాళ్ళ లెక్క వెయ్యి దాటింది. ఆ వారం కూడా నేను మధ్యాహ్నం రెండింటికి తడిగుడ్డ నెత్తిన వేసుకుని మేడెక్కాను, మిరపనారుకి నీడ సరిగ్గా పడుతోందో లేదో చూడ్డానికి. దిగేసరికి కళ్ళు తిరిగాయి. మా ఆయన ఏమీ అనలేదు, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి మేడ తాళంచెవి తన జేబులో వేసుకున్నారు. ఆ ఏడు మొక్కల్లో సగం పోయాయి. నాయనమ్మ అయితే మొదటి రోజే ఆ సగాన్ని ఎంచి, మిగతా సగాన్ని నిక్షేపంగా కాపాడి ఉండేది. నేను అన్నిటినీ కాపాడబోయి, పోయేవేవో ఎండకే వదిలేశాను.

ఎంచడం అంటే ఆవిడకి కష్టం లేదని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ టమాటా వేసవిలోనే ఇంకొకటి జరిగింది, అది చెప్పకపోతే నాయనమ్మ మీద మీకు తప్పు అభిప్రాయం మిగులుతుంది.

మా గోడ అవతల రేపల్లె పిన్ని ఉండేది. పుట్టిల్లు రేపల్లె కాబట్టి ఆ పేరు. ఆవిడకి ఒక కాకరపాదు, మా గోడెక్కి సగం మావైపు వాలి ఉండేది. ఏప్రిల్ చివర్లో ఒకరోజు తెల్లవారుజామున ఆవిడ పంపుకి రబ్బరు గొట్టం తగిలించి ఆ పాదుకి నీళ్ళు పెడుతూ దొరికిపోయింది. వెనక పన్నెండు బిందెలు లైన్లో ఉన్నాయి. నాయనమ్మ గొట్టం ఊడదీసి రోడ్డు మీద పారేసింది. "తాగడానికి దిక్కులేక జనం ఏడుస్తుంటే నీకు కాకరకాయలు కావాల్సొచ్చాయా?" అంది. పిన్ని తక్కువేం తినలేదు. "మీ బీరకి మంచినీళ్ళు పోయడంలా? మీ మొక్కలు మొక్కలు, మావి ముళ్ళకంపలా?" అంది. నిజం చెప్పాలంటే ఆ మాటలో న్యాయం ఉంది. దాంతో మాటలు బంద్. మా ఇంటి నుంచి వాళ్ళింటికి కరివేపాకు రెబ్బ కూడా వెళ్ళకూడదని ఉత్తర్వు.

మే మొదటి వారంలో పిన్ని పిల్లల్ని తీసుకుని రేపల్లె రైలెక్కేసింది. బాబాయి గారు ఉద్యోగం, హోటలు భోజనం, మొక్కల ఊసు ఆయనకి పట్టదు. వారం తిరిగేసరికి కాకర ఆకులు వడలి, చేటల్లా ముడుచుకున్నాయి. రోహిణి తీర్పుల రోజు నేను ఆ పాదు వైపు చూపించి, "దీనికి?" అన్నాను, కావాలనే.

"అది మనది కాదుగా."

సరేనని ఊరుకున్నాను. ఆ రాత్రి దాహమేసి లేస్తే నులకమంచం ఖాళీగా ఉంది. నాయనమ్మ గోడ దగ్గర బండరాయెక్కి, గోడ మీదకి వంగి, చెంబుతో అవతలకి నీళ్ళు వంపుతోంది. చప్పుడు కాకుండా, సన్నటి ధారగా. మంచినీళ్ళే, బీర కుండలోంచి తగ్గించినవి. నన్ను చూసి వేలు నోటికడ్డం పెట్టింది.

"తగువు దాంతో గాని పాదుతో ఏంటే? పోయి పడుకో."

అప్పటి నుంచి ఆ పని నాకు కూడా వాటా వచ్చింది. బండ మీద నిలబడటానికి ఆవిడకి మోకాళ్ళ నొప్పి, నేనైతే గోడెక్కి కూర్చోగలను. నా టమాటా గురించి తర్వాత ఒక్క మాటా అనలేదు, ఇద్దరం దొంగలమే కదా. కాకర నాలుగు రోజుల్లో తల ఎత్తింది. ఇంకొన్ని రోజులకే మావైపు వాలిన తీగలకి పొట్టి పొట్టి కాయలు దిగాయి, ముళ్ళు ముళ్ళుగా, గట్టిగా. నాయనమ్మ వాటిని లెక్కపెట్టింది.

"ఇన్ని చెంబులు మోశాం. కూలి తీసుకోవద్దూ?"

అలా మూడుసార్లు మా ఇంట్లో కాకరకాయ వేపుడు చేశారు. అవతలవైపు కాసినవి అందవు కాబట్టి, "అవి అందే చోటికి కాస్తే బాగుండేది" అని విచారించింది గాని, నన్ను గోడ దూకనివ్వలేదు, అది దొంగతనమట. అవి అక్కడే పండి, పగిలి, ఎర్రగింజలు చూపిస్తే పిట్టలు ఎత్తుకుపోయాయి. మావైపున్న ఒక కాయకి మాత్రం ఎర్ర గుడ్డపీలిక కట్టింది. పరాయి పాదు మీద.

మృగశిర కార్తె జూన్ 8న వచ్చింది. నాయనమ్మ ఇంగువ కలిపిన బెల్లం ఉండ అందరి నోట్లో పెట్టింది. మృగశిర వస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని సామెత. ఆ సాయంత్రమే ఈదురుగాలి లేచి, సందంతా దుమ్ము రేగి, కరెంటు పోయి, పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. పందిరి ఒక పక్కకి ఒరిగింది. నా టమాటా కాండం మధ్యకి విరిగింది. ఎవరూ పట్టించుకోలేదు, అందరం వసారాలో నిలబడి తడుస్తున్నాం.

స్కూళ్ళు తెరిచే ముందు రోజు పిన్ని తిరిగొచ్చింది. మర్నాడు తెల్లవారుజామున పంపు దగ్గర అందరూ వింటుండగా, మాతో మాటల్లేవు కాబట్టి గాల్లోకి చూస్తూ చెప్పింది. "నా చేతివాటం అలాంటిది మరి. నెల పైన చుక్క నీళ్ళు లేకపోయినా మా కాకర పచ్చగా నవనవలాడుతోంది. ఒకే ఒక్క వానకి లేచి కూర్చుంది." పన్నెండు బిందెల వాళ్ళూ అవునవునన్నారు. నేను నాయనమ్మ కొంగు లాగాను. ఆవిడ కదల్లేదు, బిందె నిండేదాకా ధారనే చూస్తోంది.

"కానీ చూడండి, గోడ అటుపక్క తీగకి ఒక్క కాయ లేదు. ఎన్ని తొడిమలున్నాయో! ఏవైనట్టు?" అంది పిన్ని, ఈసారి గాలిలోకి కాకుండా.

నాయనమ్మ బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. నెలన్నర తర్వాత పిన్నితో మాట్లాడిన మొదటి మాట.

"ఈ ఏడు ఉడతలు మరీ ఎక్కువయ్యాయమ్మా" అంది.